లెక్కల బెన్ రిమోట్లు

పోయిన నెల మా స్కూలుకి ట్యాబులొచ్చాయి. వాటిని ఎలా వాడాలో నేర్పడానికి వచ్చిన కుర్రాడు టీచర్లందరినీ పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టి, ఒక్కో ట్యాబు చేతికిచ్చి, హిందీలో గడగడా చెప్పుకుపోతున్నాడు. "పిల్లవాడు జవాబు నొక్కగానే తప్పో ఒప్పో మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. తప్పయితే ఎర్రగా వస్తుంది. ఎరుపు రాకుండా చూసుకోవడమే మన పని" అన్నాడు.

నాకు పుసుక్కున నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పక్కనున్న టీచరు మోచేత్తో పొడిచింది. ఆ కుర్రాడు మాట ఆపి, తానేమైనా పొరపాటుగా అన్నాడేమోనని తెర వైపు తిరిగి చూసుకున్నాడు. పాపం, అతనిదేం లేదు. నాకు లెక్కల బెన్ గుర్తొచ్చింది, అంతే. ఆమె ఆ బెంచీ మీద ఉండి ఉంటే ఈపాటికి లేచి నిలబడి, "ఎర్రగ రానియ్యి బిడ్డా! మనకు కావల్సిందే ఎరుపు!" అని గది దద్దరిల్లేలా అరిచి ఉండేది.

సూరత్‌లో టీచరమ్మని బెన్ అంటారు. అక్క అని అర్థం. మాది తెలుగు మీడియం స్కూలు. మా పిల్లలకి ఇంట్లో తెలంగాణ మాట, గల్లీలో హిందీ, కిరాణా కొట్టు దగ్గర గుజరాతీ. ఆ మూడింటి మధ్య ఆమె అసలు పేరు ఎక్కడో జారిపోయి, లెక్కల బెన్ మాత్రం మిగిలింది. స్టాఫ్ రూములో మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. అమ్రోలిలో వాళ్ళింటికి వెళితే అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నాకు అదే వింతగా అనిపించింది. ఆమె ఉన్న గదిలో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడగా నేను ఏనాడూ వినలేదు.

మనిషి పొట్టి. నడక మాత్రం బస్సు తప్పిపోతున్నట్టుండేది. సుద్దముక్క కొప్పులో గుచ్చుకుని, అది మరిచిపోయి, టేబులంతా వెతికి, "నా సుద్దెవడు తీసిండ్రా?" అని గద్దించేది. పిల్లలు ఎవ్వరూ చెప్పేవాళ్ళు కాదు. ఆమె వెతకడం చూడటమే వాళ్ళకి పండగ. చివరికి తలూపినప్పుడు అదే కిందపడేది. "దొరికిందిరా దొంగ!" అని సుద్దముక్కనే తిట్టేది. ఆమె గొంతుకి, అదే బిల్డింగులో గోడ అవతలున్న మరాఠీ మీడియం క్లాసు టీచరు రోజుకొకసారైనా గోడ తట్టేది. ఈమె అది మెచ్చుకోలు అనుకుని తిరిగి తట్టేది.

ఆమె మాటల్లో నాకు బాగా గుర్తున్నది 'మాల్'. సూరత్‌లో సరుకు ఏదైనా మాలే. రింగ్ రోడ్ మార్కెట్లలో పొద్దున్నించి సాయంత్రం దాకా మాల్ వచ్చిందా, మాల్ పోయిందా అనే మాటే. మా లెక్కల బెన్‌కి మాల్ అంటే పిల్లలు చేసే తప్పు. ఏ పిల్లవాడైనా కొత్త రకం తప్పు చేస్తే చాలు, రిసెస్‌లో స్టాఫ్ రూము తలుపు తోసుకొచ్చి, "ఇయ్యాల ఏం మాల్ దొరికింది అనుకున్నరు!" అనేది. మేము టీ గ్లాసులు పట్టుకుని వినాల్సిందే. తప్పు చేసిన పిల్లవాడి పేరు చెప్పేది కాదు. ఆ తప్పు వెనకాల వాడి బుర్ర ఏ దారిన పోయిందో మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పేది. ఒప్పు జవాబుల గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఒప్పు జవాబుకి అన్నీ ఒక్కతీరు మొఖాలే బిడ్డా. తప్పుకే ఒకదాని మొఖం ఒకదానికుండదు" అనేది నాతో.

నేనప్పుడు కొత్తగా చేరిన కంప్యూటర్ టీచర్ని. మా నాన్న మగ్గాల మీద పనిచేశాడు, నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఆమెకి ఫోన్లో వచ్చిన ఫోటో తెరవాలన్నా నేనే కావాలి. ఫోను నా చేతికిచ్చి, "జర దీన్ని సముదాయించు" అనేది. అలాంటి మనిషి ఆ రిమోట్లకి పడిపోతుందని ఎవరం అనుకోలేదు.

ఆ ఏడాది స్కూళ్ళు తెరిచిన కొత్తలో ఒక ట్రస్టు వాళ్ళు అట్టపెట్టె ఒకటి పంపారు. లోపల పిల్లకొకటి చొప్పున చిన్న చిన్న రిమోట్లు, ఒక్కోదానికి నాలుగేసి బటన్లు, వెనక ఒక నంబరు. టీచరు ప్రశ్న అడిగితే పిల్లలు తమ చేతిలో ఉన్నదాని మీద జవాబు నొక్కుతారు. లాప్‌టాప్‌లో లెక్క పడుతుంది. ప్రొజెక్టర్ పెడితే గోడ మీద ఏ జవాబుకి ఎంతమందో గీతలు లేచి కనబడతాయి. చివర్లో ఒప్పేదో చూపమంటే ఆ గీత పచ్చబడుతుంది. ఎవరు ఏది నొక్కారో గోడ మీద కనబడదు, టీచరు తర్వాత చూసుకోవచ్చు. మా హెడ్ మాస్టర్ మంచివాడే గానీ భయస్తుడు. ఒకటి పోతే ఎవరు జవాబు చెప్పాలని పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండో రోజే లెక్కల బెన్ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం మాట్లాడిందో తెలియదు. అరగంట తర్వాత పెట్టె చంకలో పెట్టుకుని నా క్లాసుకొచ్చి, "నడు కంప్యూటరమ్మా, దీని తీగలేడ గుచ్చాల్నో చూపెట్టు" అంది.

మొదటి రోజు ఐదో తరగతి. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. పాఠం అయ్యాక ఆమె "సమజైందా?" అంటే, అందరూ ఒక్క గొంతుతో "అయిందీ బెన్!" అంటారు. ఆ రోజూ అన్నారు. అప్పుడు ఆమె రిమోట్లు పంచి అడిగింది.

"ఒకటే రొట్టె. దాన్ల మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

టకటకా నొక్కారు. నేను లాప్‌టాప్‌లో ప్రశ్న మూసి, గీతలు తెరిచాను. నాలుగో వంతు గీత గోడ మీద పైకి లేచి, పాత క్యాలెండర్ మేకుని దాటింది. మూడో వంతు కింద ఎక్కడో పొట్టిగా నిలబడిపోయింది.

క్లాసంతా ఆమె ముఖం వైపు చూసింది. తిడుతుందనుకున్నారు. ఆమె గోడ దగ్గరికి పోయి, ఆ గీతని అరచేత్తో తడిమి చూసింది. వెనక్కి తిరిగేసరికి ముఖమంతా నవ్వు.

"ఇన్నేండ్లు నన్నెంత మంచిగ మోసం జేసిన్రురా!" అని చప్పట్లు కొట్టింది. "సమజైంది, సమజైంది అని పాట పాడుకుంట! చెప్పుండ్రి ఇగ, నాలుగో వంతు ఎందుకు పెద్దది?"

వెనక బెంచీ పిల్లవాడొకడు భయంభయంగా లేచాడు. "మూడు కన్న నాలుగు పెద్దది గద బెన్."

"అరే వాహ్! ఎంత సక్కగ చెప్పినవ్‌రా! నీ అసొంటోల్లు ఇంకెందరున్నరో గోడ మీద చూడు. ఇగ పక్కోనితోని కొట్లాడుండ్రి. చేతులు లేవొద్దు, నోరే. ఎవనిది ఎందుకు ఒప్పో ఎవడు ఒప్పిస్తడో చూద్దాం."

ఐదు నిమిషాలు సంత. మరాఠీ టీచరు గోడ తడుతూనే ఉంది. ఒకమ్మాయి టిఫిన్ డబ్బాలోని రొట్టె తీసి నిజంగానే నాలుగు ముక్కలు చేసింది. మళ్ళీ నొక్కమంది. నేను తెరిచాను. ఈసారి మూడో వంతు గీత లేస్తుంటే పిల్లలు క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు కేకలు పెట్టారు. లెక్కల బెన్ అందరికంటే గట్టిగా అరిచింది. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆమె టీ చల్లారిపోయింది. "సమజైందా అని ఇంక ఎన్నడు అడగ. ఒట్టు" అంది.

ఆ తర్వాత రోజూ స్కూలయ్యాక నా పక్కన కూర్చుని ఆ రోజు లెక్క చూసుకునేది. ఏ నంబరు ఎక్కడ తప్పింది, నిన్న తప్పినవాడు ఇవాళ ఎలా నొక్కాడు. అలా చూస్తుండగా ఒక రోజు వేలుతో తెర మీద పొడిచింది. "ఈ పదిహేడు ఏంది? అంతా ఖాళీనే ఉన్నది?"

పదిహేడో నంబరు రవళిది. రవళి ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. మూడో బెంచీలో గోడ వైపు కూర్చుంటుంది, అడిగితే తల దించుకుంటుంది. అందరూ "అయిందీ బెన్" అంటున్నప్పుడు దాని పెదాలు కూడా కదులుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రిమోట్ చెడిపోయిందేమోనని నేను మార్చి చూశాను. చెడిపోలేదు. అప్పుడప్పుడూ ఒకటీ అరా నొక్కింది. నొక్కినవన్నీ ఒప్పులే.

లెక్కల బెన్ ఆ వరుస చూసి నా భుజం మీద ఒక్కటిచ్చింది. నాకు ఇప్పటికీ ఆ దెబ్బ గుర్తే. "ఇది అబద్ధం ఆడదు! చూసినవా? తెల్వకపోతే అందరు పక్కోనిది చూసి ఏదో ఒకటి నొక్కుతరు. ఇది నొక్కది. తెల్వనిది తెల్వనట్టే ఉంచుకుంటది. ఎంత మాల్ బిడ్డా ఇది, ఎంత మాల్!"

"మరి రేపు దాన్నే లేపి అడుగుతారా?" అన్నాను.

"ఒద్దు. లేపితే మల్ల మునుపటి తీర్గ పెదాలే కదిలిస్తది. దానికే లేవబుద్ధి కావాలె."

నవరాత్రులు దగ్గర పడుతుండగా రవళి తండ్రి వచ్చాడు. జోల్వాలో మగ్గాల మీద పని. రాత్రి డ్యూటీ దిగి నేరుగా స్కూలుకొచ్చాడు, జుట్టు నిండా దారపు నూగు. చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బెన్, మా పోరికి సదువు ఎక్కుతలేదు. ఏమడిగినా నోరిప్పది. వాళ్ళమ్మ ఇంట్ల చీరలకు రాళ్ళు అంటిస్తది. దాంతోని కూసుంటే జర చెయ్యి సాగుతది గద. పేరు తీసెయ్యుండ్రి."

లెక్కల బెన్ అతన్ని బలవంతంగా లోపలికి లాక్కొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. "గిది నీ బిడ్డ. చూడు. తెల్వకపోతే నొక్కలే. తెలిస్తేనే నొక్కింది. ఎన్నిసార్లు నొక్కిందో అన్నిసార్లు ఒప్పే."

అతను ఆ ఖాళీ గళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. "నొక్కకపోతే మెచ్చుకునుడు ఏంది బెన్?" అన్నాడు చివరికి. ఎగతాళి కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

"మీ కార్ఖానల పోగు తెగింది అనుకో. మగ్గం ఏం జేస్తది?"

"ఆగుతది."

"ఆగకుంట నడిస్తే?"

"గుడ్డంత కరాబ్ అయితది."

"నీ బిడ్డ ఆగుతున్నది. పోగు ఏడ తెగిందో నేను చూసుకుంట. దివాలీ సెలవుల దాంక నాకిడిసిపెట్టు. అప్పటికి గూడ నోరు తెరవకపోతే నువ్వన్నట్టే చెయ్యి."

అతను ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. "దివాలీ దాంక అయితే సరే" అని వెళ్ళిపోయాడు. ఆమె ముఖంలో మొదటిసారి దిగులు చూశాను. "మాటైతే ఇచ్చిన గని, అది నోరిప్పకపోతే?" అంది.

దివాలీ సెలవులకు ముందు వారంలో ట్రస్టు వాళ్ళు వస్తున్నామని కబురు చేశారు. రిమోట్లు సరిగ్గా వాడుతుంటే ఉంచుతారు, లేకపోతే వేరే స్కూలుకి పంపిస్తారు. హెడ్ మాస్టర్‌కి నిద్ర పట్టలేదు. లెక్కల బెన్‌ని పిలిచి, "ప్రశ్నలు పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు గోడ మీద అన్నీ పచ్చగా రావాలి. ఆ నొక్కని పిల్లని ఆ రోజుకి వేరే క్లాసులో కూర్చోబెడదాం" అన్నాడు.

"పచ్చగ రావాల్నంటే రిమోట్లెందుకు సార్? ఒక రంగు డబ్బ తెప్పిస్తే సరిపాయె గద! నేనే గోడకు పూస్త" అంది ఆమె. ఆయన బతిమాలాడు. ఆమె నవ్వుతూనే ఉంది గానీ ఒప్పుకోలేదు.

వాళ్ళు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ గుజరాతీ, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. పక్కన కూర్చుని తర్జుమా చెప్పే పని నాది. హెడ్ మాస్టర్ కొత్త చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. రవళి తన బెంచీలోనే ఉంది.

లెక్కల బెన్ అడిగింది. "రెండు గుడ్డ ముక్కలున్నయి. ఒకటి సున్నా పాయింట్ ఐదు మీటర్లు. ఇంకోటి సున్నా పాయింట్ ఇరవై ఐదు మీటర్లు. ఏది పొడుగు?"

 తప్పక తప్పు చేస్తారని తెలిసే ఆ ప్రశ్న ఎంచుకుంది. గీతలు తెరిచాను. ఇరవై ఐదు ఆకాశానికెక్కింది. హెడ్ మాస్టర్ రుమాలు తీశాడు.

"మాల్ ఒచ్చిందిరా!" అని అరిచి, వచ్చినవాళ్ళ సంగతి అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. "కొట్లాడుండ్రి."

గది హోరెత్తింది. "ఐదు కన్న ఇరవై ఐదు పెద్దది గాదార?" "అరే, పాయింట్ ఉన్నది చూడు భాయ్!" అర మీటరంటే సగం అని ఒకడు చేతులు చాపి చూపించాడు. రెండోసారి నొక్కారు. ఎంతమంది నొక్కారో తెర మీద అంకె పెరుగుతూ వచ్చి, ఇంకొకరు మిగిలారనగా ఆగింది.

ఎవరో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. రోజూ అయితే ఆ ఒక్కటీ వదిలేసి మూసేయమనేది. ఆ రోజు వద్దన్నట్టు నా వైపు చెయ్యెత్తింది. రవళి ఈసారి తల దించుకోలేదు. రిమోట్ రెండు చేతుల్లో పట్టుకుని గోడ వైపే చూస్తోంది, నుదురు ముడిపడి ఉంది.

"ఇంకొకరు ఉన్నరు. ఆగుదాం" అంది లెక్కల బెన్.

ఆగాం. ఫ్యాన్ చప్పుడు, కింద రోడ్డు మీద టెంపోల హారన్లు. హెడ్ మాస్టర్ తలుపు దగ్గర నుంచి "మూసెయ్యండి, మూసెయ్యండి" అని పెదాలతో నాకు సైగ చేస్తున్నాడు. పెద్దావిడ గడియారం చూసుకుంది. పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

రవళి లేచి నిలబడింది.

"నొక్కంది నేనే బెన్."

దాని గొంతు అలా ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. కొంచెం బొంగురు.

"ఎందుకు బిడ్డా?"

"నా పక్కనోళ్ళిద్దరు చెప్పింది విన్న. అయినా నాకు సమజ్ గాలే. సమజ్ గాకుంట ఉత్తగ నొక్కుడెట్ల?"

హెడ్ మాస్టర్ "కూర్చో, కూర్చో" అంటూ రెండడుగులు ముందుకొచ్చాడు. అప్పటికే లెక్కల బెన్ బెంచీల మధ్య నుంచి దాదాపు పరిగెత్తుతోంది. కొప్పులోని సుద్ద ఎగిరి ఎక్కడో పడింది. "అన్నది! నోరు తెరిచి అన్నది!" అంటూ రవళి బుగ్గలు రెండూ పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు, నోటి నిండా నవ్వు.

"షుం కహ్యుం?" అంది పెద్దావిడ నా వైపు వంగి. ఏమందని అడుగుతోంది. రవళి తనకి తెలియదందని, తెలియనిది ఊరికే ఎలా నొక్కాలి అంటోందని గుజరాతీలో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి కాసేపు రవళిని చూసింది. "సరస్" అంది. బాగుంది అని. మళ్ళీ తనలో తాను అన్నట్టు ఇంకోసారి, "బహు సరస్."

రిమోట్లు మా దగ్గరే ఉండిపోయాయి. సెలవుల తర్వాత నాలుగో తరగతికి ఇంకో పెట్టె వచ్చింది. "మా స్కూల్లో పిల్లలు తెలియదని ధైర్యంగా చెప్తారండీ" అని హెడ్ మాస్టర్ వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. రవళి తండ్రి సెలవులయ్యాక పేరు తీసెయ్యడానికి రాలేదు. రవళిని దింపడానికి వచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో లెక్కలే చదువుతోంది. అవన్నీ తర్వాతి మాటలు. లెక్కల బెన్ అనగానే నా కళ్ళ ముందుకొచ్చేది మాత్రం ఆ రోజు రిసెస్ గంట కొట్టిన తర్వాతి అరగంట.

ట్రస్టు వాళ్ళు టీకి వెళ్ళారు. పిల్లలు సగం మంది బయటికే పోలేదు. లెక్కల బెన్ నేల మీద చతికిలబడి, మీటరు పొడుగున గీత గీసి, దాన్ని పది భాగాలు చేసింది. తన చీర కొంగు ఆ గీత మీద పరిచింది. రవళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"సున్నా పాయింట్ ఐదు అంటే పదిట్ల ఐదు భాగాలు. ఏడిదాంక ఒస్తది?"

రవళి కొంగుని సగం దగ్గర పట్టుకుంది.

"ఇగ ఒక్కో భాగాన్ని మల్ల పది చిన్న ముక్కలు చెయ్యి. గసొంటి చిన్నయి ఇరవై ఐదు."

రవళి వేలు సుద్దగీత మీద నెమ్మదిగా జరిగింది. పది. ఇంకో పది. మూడో భాగంలో సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటికొచ్చి ఒకసారి జరిపి చూసుకుంది.  లెక్కల బెన్ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

"గింతేనా?" అంది రవళి. "ఇరవై ఐదు గని, చిన్న చిన్నయి. ఇది సగం మీటర్ గూడ లేదు." తలెత్తింది. "బెన్, ఇప్పుడు నొక్కచ్చా?"

నేను ఎగిరి లాప్‌టాప్ దగ్గరికి పోయి ప్రశ్న మళ్ళీ తెరిచాను. రవళి నొక్కింది. గదిలో నొక్కింది అదొక్కతే కాబట్టి గోడ మీద ఒక్కటే గీత, కింది నుంచి కప్పు దాకా. పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేశారు. గోడ అవతల నుంచి మరాఠీ టీచరు తట్టింది. లెక్కల బెన్ లేవబోయి, కొంగు ఇంకా రవళి మోకాళ్ళ కింద ఉండటంతో మళ్ళీ కూలబడి, పడీ పడీ నవ్వింది.

రిసెస్ అయిపోతోందని నేను రిమోట్లన్నీ పోగుచేసి పెట్టెలో సర్దుతున్నాను. పదిహేడో అర ఖాళీగా ఉంది. చెయ్యి చాపితే రవళి తన రిమోట్‌ని రెండు చేతులతో గుండెలకి అదుముకుని నా వైపు కూడా చూడలేదు.

"ఇంకొకటి అడుగు బెన్" అంది.